చీమ కుట్టినంతే

ఒకప్పుడు మా ఇంట్లో చీమలకి ఉన్న మర్యాద ఇంకెవరికీ ఉండేది కాదు. చక్కెర డబ్బా మీద ఒక్క చీమ కనబడితే చాలు, మా మనవరాలు మంచమెక్కి నిలబడేది. పులిని చూసినా అంత కేక పెట్టదేమో.

ఆ భయం పెట్టినవాడు నా కొడుకే. పిల్లకి ఆ మధ్య రక్తంలో ఏదో తగ్గిందన్నారు. మొదటిసారి పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు "ఏమీ ఉండదమ్మా, చీమ కుట్టినంతే" అని వీపు నిమిరాడు. తీరా చూస్తే నరం దొరకలేదు. ఈ చేతికి గుచ్చారు, ఆ చేతికి గుచ్చారు, చివరికి తలా ఒక పక్క పట్టుకుని మంచానికి అదిమారు. ఇంటికొచ్చాక చూస్తే మోచేతి మడతలో వంకాయ రంగు మచ్చ.

పిల్ల అప్పుడు కూడా నాన్నని తప్పు పట్టలేదు. చీమలే అంత ఘోరంగా కుడతాయని తేల్చుకుంది. అదీ వాళ్ళ నాన్న మీద దానికున్న నమ్మకం.

తర్వాత ఒకరోజు నిజంగానే చీమ కుట్టింది. పిల్ల కాలు చూసుకుంది, చీమని చూసింది, "ఇంతేనా?" అంది. అప్పుడే అక్కడికొచ్చిన వాళ్ళ నాన్నని చాలాసేపు చూసింది. ఆ చూపు నేను చూశాను. అప్పులవాడు కూడా అలా చూడడు.

ఆ పూటతో చీమల భయం పోయింది. దాంతోపాటు నాన్న మీద నమ్మకం కూడా పోయింది. వాడు "నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, రా" అంటే వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి "నిజంగానేనా?" అని అడిగి వచ్చేది. వాడు "తెల్లారింది లే తల్లీ" అంటే కిటికీ తీసి చూసుకుని మరీ లేచేది.

మందు వాడుతున్నాం. అది పని చేస్తోందో లేదో తెలియాలంటే మళ్ళీ రక్తం తీయాలి. డాక్టరు మా కోడల్ని పక్కకి పిలిచి, "నరాలు సన్నగా ఉన్నాయి. ఈసారి పిల్ల కదలకూడదు. కదిలి సూది తప్పితే ఆసుపత్రిలో ఉంచి, మత్తిచ్చి తీయాల్సి వస్తుంది" అన్నాడట. కోడలు ఆ మాట నాకు చెప్పేటప్పుడు చేతిలో ఉన్న గుడ్డని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది. గుడ్డని ఊరికే నలిపే మనిషి కాదు.

నా కొడుకు మాత్రం నిబ్బరంగా, "నాకు వదిలెయ్యండి. ప్లాను ఉంది" అన్నాడు.

వాడు మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే కొట్లో పని చేస్తాడు. వచ్చినవాళ్ళకి రోజంతా మిక్సీ తిప్పి చూపించడమే ఉద్యోగం. అందుకని కొట్లోవాళ్ళు డెమోబాబు అంటారు. ఇంట్లో కూడా మంచినీళ్ళు ఎలా తాగాలో డెమో చూపించగలడు.

"మనసుకి ఒక్కటే తలుపు ఉంటుందమ్మా" అన్నాడు నాతో. "ఆ తలుపులోంచి ఒక మంచి బుడగో, బొమ్మో లోపలికెళ్తుంటే నొప్పికి దారేది? ఈ సంగతి డాక్టర్లే చెబుతున్నారు. పిల్ల ధ్యాస మళ్ళించాలి, అంతే."

"మీ మనసుకి ఆ ఒక్క తలుపూ మూసుకుపోయినట్టుంది" అంది కోడలు కుట్టు మిషను ఆపకుండా. "పొద్దున్న పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా, పక్కనే నిలబడి ఫోన్ చూస్తున్నారు."

"చూశావా? అదే నేను చెప్పేది! ధ్యాస మళ్ళితే పాలు కూడా కనబడవు. ఇక సూది ఎక్కడ కనబడుతుంది?"

"రోజూ నా వేళ్ళకి సూదులు దిగుతుంటాయి. నాకెవరూ బుడగలు ఊదలేదే!"

"నువ్వు పెద్దదానివి."

"మీకు పని పడినప్పుడల్లా పెద్దదాన్నే."

వాడు ఆ మాట విననట్టు ప్లాను చెప్పాడు. సబ్బు బుడగలు కోడలు ఊదాలి. ఫోన్‌లో బొమ్మలు వాడు చూపించాలి. అవీ ఇవీ పని చెయ్యకపోతే చివరి అస్త్రం నేను. రోజూ పడుకునే ముందు నేనూ పిల్లా పొడుపు కథలు ఆడతాం. "పొడవనా?" అంటాను, "పొడువు నానమ్మా!" అంటుంది. ఆ ఆటలో పడితే దానికి ఆకలి కూడా తెలియదు.

"ఇంకో ముఖ్యమైన సంగతి. ఎక్కడికెళ్తున్నామో పిల్లకి చెప్పకూడదు" అన్నాడు.

మిషను ఆగింది. "మళ్ళీ అబద్ధమా?"

"అబద్ధం కాదు. చెప్పకపోవడం."

"ఆ రెంటికీ ఎంత దూరమండీ?"

"అబ్బా, ముందు డెమో చూడు. నేను పిల్లని. నువ్వు నర్సువి. అమ్మా, నువ్వు ఏదైనా పొడుపు కథ చెప్పు. నా ధ్యాస అటు వెళ్ళాక తను ఇటు గుచ్చినట్టు చేస్తుంది. నేను కదలను, చూడండి."

చొక్కా చెయ్యి మడిచి కుర్చీలో కూర్చున్నాడు. కోడలు పళ్ళ మధ్య సూది పట్టుకుని దారం కోసం వాడి వెనకున్న బల్ల మీదికి వంగింది. అంతే. కుర్చీ ఒక మూలకి, వాడు ఇంకో మూలకి వెళ్ళారు.

"నేనింకా మొదలుపెట్టలేదురా" అన్నాను.

"చెప్పకుండా వస్తే ఎలా?" అన్నాడు వాడు గుండె పట్టుకుని.

"పిల్ల కూడా అదే అడుగుతుంది రేపు" అంది కోడలు.

మర్నాడు బయల్దేరాం. పెద్ద దుకాణాలున్న వీధికి షికారని చెప్పాడు. షికారంటే షికారులా ఉండాలని కొత్త చెప్పులు వేసుకున్నాడు. బస్సు దిగి పది అడుగులు వేయకముందే కుంటడం మొదలైంది.

"ఏమైంది నాన్నా?" అంది పిల్ల.

"ఏం లేదమ్మా. చెప్పు కరిచింది."

పిల్ల కాసేపు ఆ చెప్పునే చూస్తూ నడిచింది. నేను మాత్రం బోర్డులు చూస్తూ నడుస్తున్నాను. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ బస్సు మీద ఏం రాసుందో ఆయనే చదివి ఎక్కించేవారు. ఆయన పోయాక తప్పు బస్సులు ఎక్కీ ఎక్కీ, చివరికి కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. గోడ మీద అక్షరం కనబడితే చదవకుండా ఉండలేను. అదీ మనసులో కాదు, పైకి. పైకి చదివితేనే నాకు అర్థమవుతుంది.

"తా-ళా-లు బా-గు చే-య-బ-డు-ను" చదివాను. పిల్ల చప్పట్లు కొట్టింది. "పా-త కు-ర్చీ-లు కొ-న-బ-డు-ను" చదివాను. కోడలు మెచ్చుకుంది. ఉత్సాహం వచ్చింది. వీధి మలుపు తిరగగానే ఇంత పొడుగు బోర్డు.

"ర-క్త ప-రీ..."

"అమ్మా!" అన్నాడు నా కొడుకు.

నోటికొచ్చిన అక్షరం మధ్యలో ఆగుతుందా? "...క్ష-లు!" అని పూర్తి చేసి, శభాష్ అంటారేమోనని వెనక్కి తిరిగాను.

ఎవరూ అనలేదు. పిల్ల మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీని రెండు చేతులతో వాటేసుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. వాళ్ళ నాన్నని చూస్తూ, "షికారన్నావు" అంది. అంత నెమ్మదిగా అంది.

వాడికి రోజూ వందమంది ముందు నోరు తిరుగుతుంది. ఆ మెట్ల మీద మాత్రం వంగి చెప్పు సర్దుకున్నాడు.

కోడలు పక్కన కూర్చుని కమ్మీ మీద వేళ్ళని ఒక్కొక్కటే విడిపించింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. పిల్ల లోపలికైతే వచ్చింది గానీ చేతులు రెండూ చంకల్లో దాచుకుంది.

లోపల వరసగా కుర్చీలు, ఎదురుగా పచ్చ తెర. తెర వెనక నుంచి ఎవరో పసివాడి ఏడుపు. అది ఆగగానే తెర పక్కకి జరిగి ఒకావిడ "తర్వాత!" అనేది. ఆవిడకి ఆ ఒక్క మాటే వచ్చునేమో అనిపించింది. నేను మనసులో తర్వాతమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ తర్వాత అన్నప్పుడల్లా మా పిల్ల నా ఒళ్ళో ఒక అంగుళం లోపలికి కుంగేది. ఇంకో నాలుగు తర్వాతలు అయితే నా కడుపులోకి వెళ్ళిపోయేదే.

మా వంతు వచ్చింది.

తర్వాతమ్మ మా ముఖాలు చూడలేదు, పిల్ల చెయ్యి చూసింది. పాత మచ్చ మీద వేలు పెట్టి పెదవి విరిచింది. "నరం సన్నం. కదిలిందంటే పోతుంది. గట్టిగా పట్టుకోండి."

"పట్టుకోనక్కర్లేదు మేడమ్. మా దగ్గర పద్ధతి ఉంది. ఒక్కసారి చూడండి" అని కోడలికి సైగ చేశాడు డెమోబాబు.

కోడలు సీసా మూత తీసి ఊదింది. బుడగలు బాగానే లేచాయి. పిల్ల మాత్రం చూడలేదు. పిల్ల చూపంతా సూది మీదే ఉంది. బుడగలు చూసింది తర్వాతమ్మ ఒక్కతే, అది కూడా ఒకటి ఆవిడ కళ్ళజోడు మీద పగిలాక.

"ఏమిటిది?" అని ఆవిడ వెనక్కి అడుగేసింది. నేల మీద సబ్బునీళ్ళు. కాలు జర్రున జారింది. బల్ల అంచు దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే ఆ రోజు మా అందరి రక్తమూ ఆవిడ తీసేదే, సూది లేకుండా.

"ఆపండి! తుడవండి!"

కోడలు తన పమిటతో నేల తుడుస్తూ, "తలుపులోంచి బుడగ వెళ్ళిందా?" అంది మొగుడితో, పళ్ళ మధ్య నుంచి.

"రెండోది ఉందిగా" అని వాడు ఫోన్ తీశాడు. పిల్ల ముఖానికి దగ్గరగా పెట్టాడు. "చూడు తల్లీ, నీకిష్టమైన బొమ్మలు!"

బొమ్మలకి ముందు ప్రకటన వచ్చింది. చీమల మందు ప్రకటన. తెర నిండా ఒకే ఒక్క చీమ, మీసాలు ఊపుతూ.

పిల్ల చీమని చూసింది. తలెత్తి వాళ్ళ నాన్నని చూసింది. "చీమ" అంది.

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వే దిక్కు" అన్నట్టు చూశాడు.

నాకూ గాభరాగానే ఉంది. పిల్ల పెదవులు తెల్లబడ్డాయి. తొందరపాటులో ఆలోచన ఎక్కడిది? రోజూ అనేది నోటికొచ్చింది. వంగి, ముద్దుగా అన్నాను.

"పొడవనా?"

ఆ కేక వీధి చివర తాళాలు బాగుచేసేవాడికి కూడా వినబడి ఉంటుంది. "నానమ్మ కూడా పొడుస్తుందట! అమ్మా, నానమ్మ కూడా!" అని పిల్ల కుర్చీ దిగి బల్ల కిందికి దూరింది.

"అది కాదే తల్లీ, కథ! పొడుపు కథ పొడుస్తానని..."

"పొడవద్దు!"

"ఇక్కడ పొడిచేది నేను!" అంది తర్వాతమ్మ. "అసలు మీరందరూ బయటికి..." అని ఆగి, గోడ గడియారం చూసింది. బయట కుర్చీల్లో జనం. ఆవిడ గొంతు తగ్గించింది. అది అరుపు కంటే భయంగా ఉంది. "ఇంకొక్కసారి చూస్తాను. కుదరకపోతే దుప్పటి చుట్టి పట్టుకోవాల్సిందే. అప్పటికీ కాకపోతే డాక్టరు చీటీలో రాశాడుగా, ఆసుపత్రిలో ఉంచాలి."

కోడలు పమిట పిండుతూ అలాగే నిలబడిపోయింది.

నా కొడుకు నేల మీద కూర్చున్నాడు. తడి నేల మీదే. బల్ల కిందికి తల పెట్టాడు.

"రా అమ్మా."

"నిజం చెప్తావా?" అంది బల్ల కింది గొంతు.

"చెప్తాను."

"నొప్పి పెడుతుందా?"

నేను అనుకున్నాను, మళ్ళీ ఏ దోమనో పట్టుకొస్తాడని. కోడలు కూడా అదే అనుకుని ఉంటుంది, "చెప్పండి" అంది గట్టిగా.

"పెడుతుంది" అన్నాడు. "చీమ కాదు. సూదే. గుచ్చినప్పుడు బాగానే నొప్పి పెడుతుంది. తర్వాత తగ్గుతుంది. కిందటిసారి నీకు అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నాకు సూదంటే భయం. నాకు నేను చెప్పుకునేది నీకు చెప్పాను."

బల్ల కింద ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, "ఏడవచ్చా?"

"ఏడువు. ఎంత కావాలంటే అంత. చెయ్యి మాత్రం కదపకు."

పిల్ల బయటికొచ్చింది. తనే కుర్చీ ఎక్కింది. ముక్కు తుడుచుకుంది. అప్పటికి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి గానీ, ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవలేదు.

"నేనే పొడుస్తా" అంది.

తర్వాతమ్మ సూది వెనక్కి తీసుకుంది. "ఏమిటి?"

"పొడుపు కథ. నేను పొడుస్తా, నాన్న విప్పాలి. నువ్వు నీది పొడుచుకో."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడకి అలా అనుమతి ఇచ్చినవాళ్ళు ఉండరు. నోరు మూసుకుని పిల్ల జబ్బకి రబ్బరు పట్టీ కట్టింది. పిల్ల చెయ్యి చాపింది.

"నోరు లేదు, కరుస్తుంది. కాళ్ళు లేవు, నడుస్తుంది. ఒక్కటే ఉంటే ఎవరికీ అక్కర్లేదు. ఏమిటది?"

నేను నేర్పింది కాదు. ఎప్పుడూ వినలేదు. నా కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని కనుబొమలు ముడిచాడు.

"పాము! కాళ్ళు లేవుగా."

"పాముకి నోరుంటుంది" అంది పిల్ల. దూది చల్లగా తగిలేసరికి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నోరు లేదు, కరుస్తుంది... చలి! చలి కరుస్తుందిగా."

"చలి నడుస్తుందా?"

"కరెంటు!"

"కరెంటుకి జత ఉంటుందా?"

"నీకు తెలుసా?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆవిడకి నవ్వో ఏడుపో తెలియని ముఖం, తల అడ్డంగా ఊపింది. వాడికి పట్టుదల వచ్చేసింది. మిక్సీ అమ్ముడుపోనప్పుడు వచ్చే పట్టుదల. "నాకు తెలియట్లేదమ్మా. చెప్పు."

పిల్ల ఒక కన్ను తెరిచింది. పెదవి కొస కదిలింది.

"ఏమన్నావు?"

"చెప్పు అన్నాను."

"ఇంకోసారి అను."

"చెప్పు! చెప్పవే తల్లీ!"

సూది దిగింది. పిల్ల "అమ్మా" అంది. రెండు చుక్కలు బుగ్గల మీదికి జారాయి. చెయ్యి మాత్రం కొయ్యలా ఉంది. తర్వాతమ్మ సూదిని పిసరంత అటూ ఇటూ జరిపి చూస్తోంది. గొట్టం ఖాళీగానే ఉంది. నేను నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను, తెలియనివాళ్ళని కూడా కలుపుకుని.

"నాన్నా, ఓడిపోయావా?" అంది పిల్ల వెక్కుతూ.

"ఓడిపోలేదు! ఆగు, నడుస్తుంది, కరుస్తుంది... ఛ, ఏమిటే అది, చెప్పు!"

"నువ్వు చెప్తూనే ఉన్నావుగా!" అంది పిల్ల, ఆ ఏడుపులోనే కిసుక్కుమని.

"నేనేం చెప్పాను? నువ్వు చెప్పు!"

గొట్టంలో ఎర్రటి గీత కనబడింది. గీత లావైంది. నాకు అప్పుడు వెలిగింది, వాడి పాదం చూసి. కోడలికీ వెలిగినట్టుంది, తడి పమిట నోట్లో కుక్కుకుంది. తర్వాతమ్మ ఒక్కతే తల వంచుకుని పని చేసుకుంటోంది. అయినా మనిషేగా, ఎంతసేపని ఊరుకుంటుంది?

"అదేమిటో చెప్పు పాపా, నాకూ తోచడం లేదు" అంది.

పిల్ల పొట్ట కదలకుండా నవ్వడానికి పడ్డ పాట్లు చూడాలి. ముఖమంతా నవ్వు, బుగ్గలమీద కన్నీళ్ళు, చెయ్యి మాత్రం బల్ల మీద ఎవరిదో వస్తువు మర్చిపోయినట్టు పడి ఉంది.

తర్వాతమ్మ సూది తీసి దూది నొక్కింది. పట్టీ అంటించింది. గొట్టాలు సర్దుకుంది. "తర్వాత!" అంది.

నా కొడుకు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. "ఒక్క నిమిషం మేడమ్, దీని ధ్యాస మళ్ళుతోంది. ఇప్పుడు గుచ్చండి!"

"గుచ్చడమూ అయింది, తీయడమూ అయింది. లేవండి" అంది ఆవిడ.

"ఎప్పుడు?"

"మీ ధ్యాస మళ్ళినప్పుడు" అంది కోడలు.

వెళ్ళేటప్పుడు తర్వాతమ్మ పిల్ల చేతిలో ఇంకో పట్టీ పెట్టింది, ఊడిపోతే అంటించుకోమని. చెవి దగ్గరికి వంగి జవాబు కూడా అడిగింది. పిల్ల చెప్పింది. మేము వీధిలోకి వచ్చాక కూడా తెర వెనక నుంచి ఆవిడ నవ్వు వినబడింది.

రక్తపరీక్ష సంగతి మర్నాడు తెలిసింది. మందు పని చేస్తోందన్నారు. కానీ పరీక్ష అయిన పూట దారిలో మావాడి దిగులు అది కాదు.

"నోరు లేదు, కరుస్తుంది..." గొణుగుతూ కుంటుతున్నాడు. "క్లూ ఇవ్వవే."

"ఇవ్వను. రోజూ చూస్తావు."

"మీ నానమ్మా?"

"అత్తగారికి నోరు లేదని ఎవరన్నారు?" అంది కోడలు. నేను బోర్డు చదువుతున్నట్టు నటించాను.

బస్సు ఆగేచోట బల్ల ఉంటే కూలబడ్డాడు. కాలు ఎత్తి చూసుకున్నాడు. మడమ వెనక తోలు లేచి ఎర్రగా ఉంది. "అబ్బా! పాడు చెప్పు, కరిచి కరిచి..."

నోరు అలాగే తెరిచి ఉండిపోయింది.

చేతిలో చెప్పు. ఎదురుగా కూతురు. పక్కన పెళ్ళాం. వీధిలో పోయేవాళ్ళకి ఏం తోచిందో గానీ ఇద్దరు ముగ్గురు నిలబడి చూశారు.

"నాకు ముందే తెలుసు" అన్నాడు చెప్పు కింద పడేసి. "పిల్ల నవ్వాలని కావాలనే అన్నాను."

"ఆహా. డెమో కాబోలు" అంది కోడలు.

పిల్ల ఇవేమీ వినడం లేదు. బల్ల ముందు గొంతుక్కూర్చుని వాడి మడమ చూస్తోంది. తర్వాతమ్మ ఇచ్చిన పట్టీ విప్పింది.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"అబ్బే, ఏం లేదమ్మా. చీమ..."

పిల్ల తలెత్తింది.

"ఉంది" అన్నాడు వాడు గబగబా. "చాలా ఉంది."

"అయితే ఏడువు" అంది పిల్ల, పట్టీ అంచు జాగ్రత్తగా అద్దుతూ. "కాలు మాత్రం కదపకు."